గ్రూప్-2 చదువుకి 13 వేల ట్యాబ్ సరిపోతుందా, 35 వేలది కొనాల్సిందేనా?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాడు. తెలుగు మీడియం. ఫోన్లో పీడీఎఫ్‌లు చదివీ చదివీ కళ్ళు మంటలంటున్నాడు. నా దగ్గర 13 వేలున్నాయి. షాపతనేమో "తక్కువవి ఏడాదికే మూలన పడతాయమ్మా, ఈఎంఐ పెట్టి 35 వేల ఐప్యాడ్ తీసుకో" అంటున్నాడు. వాడికి కావాల్సింది మెటీరియల్ చదవడం, క్లాసులు డౌన్‌లోడ్ చేసి చూడటం, ఆన్‌లైన్ టెస్టులు. ఆటలు ఆడడట (నాకు నమ్మకం లేదు, అది వేరే సంగతి). నిజంగా అంత పెట్టాలా?

జవాబు, గుంటూరు నుంచి:
అక్కర్లేదండీ. అయితే అందరూ ముందు ప్రాసెసర్ అడుగుతారు, మీరు ముందు తెర వెడల్పు అడగండి. మీ తమ్ముడి మెటీరియల్ చాలావరకు ఏ4 కాగితాలు స్కాన్ చేసిందే అయి ఉంటుంది. ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు. 8.7 అంగుళాల ట్యాబ్ నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 11 సెంటీమీటర్ల పైచిలుకు, అంతే. పేజీ దాదాపు సగానికి కుదించుకుపోతుంది. ఇంగ్లీషైతే ఎలాగో లాక్కురావచ్చు. తెలుగులో థకీ ధకీ తేడా ఆ లోపలి చుక్కే కదా, అదే కనపడదు. ఇక వత్తుల సంగతి చెప్పక్కర్లేదు. ప్రతి పేజీ జూమ్ చేసి అటూ ఇటూ జరపడమే పని. 11 అంగుళాల దాంట్లో 15 సెంటీమీటర్ల దాకా వస్తుంది, హాయిగా చదవొచ్చు.

మీ డబ్బులో అది దొరుకుతుంది. రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ 11 అంగుళాలది 2024 ఏప్రిల్‌లో 12,999కి వచ్చింది, 4 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ. నేను ఆ ధరలోదే ఒకటి (కంపెనీ పేరెందుకులెండి) రెండేళ్లుగా వాడుతున్నా. చదువుకి లోటు లేదు. పెద్ద స్కాన్ ఫైలు తెరిచేటప్పుడు కాస్త ఆలోచిస్తుంది, ఎందుకంటే ఈ ధరలో చాలావాటికి స్టోరేజీ ఈఎంఎంసీ రకం. ఖరీదైన వాటిలో ఉండే యూఎఫ్ఎస్ అంత వేగం దీనికి రాదు. ఛార్జింగూ నిదానమే. రాత్రి పెట్టి పడుకుంటా.

జవాబు, విశాఖ నుంచి:
13 వేలు సరే, ఇంకా కిందికి మాత్రం దిగకండి. నేను 7 వేలకి ఒకటి కొని చేతులు కాల్చుకున్నా. పెట్టె మీద 6 జీబీ ర్యామ్ అని పెద్దక్షరాలు. చూస్తే అసలు ర్యామ్ 2 జీబీ, మిగతా 4 స్టోరేజీలోంచి తీసి "వర్చువల్" అని కలిపారు. వాట్సాప్‌లో ఒక్క మెసేజి చూసి వెనక్కొచ్చేసరికి టెస్టు యాప్ మళ్ళీ మొదట్నించి లోడయ్యేది. "అసలు ర్యామ్ ఎంత?" అని నిలదీసి అడగండి. 4 లేకపోతే వద్దు.

2011లో ప్రభుత్వం విద్యార్థుల కోసం తెచ్చిన చవక ఆకాశ్ ట్యాబ్ గుర్తుందా? 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితేగానీ పలకని రెసిస్టివ్ తెర. చవక ట్యాబ్ అనగానే మా నాన్నకి ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

జవాబు, హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ మెకానిక్:
అక్కా, నేను ట్యాబ్‌లు రిపేర్ చేస్త. పేరు తెల్వని కంపెనీది కొనకు. డిస్‌ప్లే పలిగితే మా దగ్గర పార్టు దొరకది, దొరికినా కొత్తదాని సగం రేటు. షోరూములు ఉన్న కంపెనీదైతే ఏదో ఒకటి చేస్తం. సిమ్ము మోడల్‌కు ఎక్కువ పైసలు పెట్టకు, ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతది.

జవాబు, ఐప్యాడ్ వాడే ఒకరు:
షాపతను పూర్తిగా అబద్ధం చెప్పలేదు. 2019లో వచ్చిన 7వ తరం ఐప్యాడ్‌కి 2024లో ఐప్యాడ్ ఓఎస్ 18 (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్) కూడా వచ్చింది. చవక ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకి అంతకాలం అప్‌డేట్లు ఎవరిస్తారు? నేను తెర మీదే నోట్సు రాస్తా, అందుకే నాకు కిట్టుబాటు. చవకవాటి మీద వంద రూపాయల రబ్బరు పెన్నుతో రాస్తే అరచేయి తగిలినచోటల్లా గీతలు పడతాయి. కానీ ఐప్యాడ్ పెన్సిల్ మళ్ళీ వేరే, యూఎస్‌బీ-సీ రకమే 7,900. రాయడమే ముఖ్యమైతే శామ్‌సంగ్ ఎస్6 లైట్ చూడండి, దాని పెన్ను పెట్టెలోనే వస్తుంది, ఛార్జింగ్ కూడా పెట్టక్కర్లేదు.

గుంటూరు:
తెలంగాణ గ్రూప్-2 నాలుగు పేపర్లూ ఆబ్జెక్టివే కదండీ. రేపు గ్రూప్-1 మెయిన్స్‌కి వెళ్ళినా రాయాల్సింది కాగితం మీద పెన్నుతోనే. ఆ ప్రాక్టీసు 60 రూపాయల లాంగ్ నోట్‌బుక్‌లో చేసుకోమనండి. ఇంకో ఏడు వేలు కలపగలిగితే మాత్రం పెన్ను కోసం కాదు, తెర ఆకారం కోసం కలపండి. 2023 అక్టోబరులో 19,999కి వచ్చిన మొదటి వన్‌ప్లస్ ప్యాడ్ గో తెర 7:5 పాళ్ళలో ఉంటుంది, అంటే దాదాపు ఏ4 కాగితం ఆకారమే. పేజీ చుట్టూ నల్లపట్టీలు వృథాగా పోవు. ఇంకో మాట: సినిమాలు కూడా చూస్తాడనుకుంటే వైడ్‌వైన్ (వీడియోలు కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు) ఎల్1 స్థాయి ఉందో లేదో కనుక్కోండి. కింది స్థాయి ఎల్3 అయితే నెట్‌ఫ్లిక్స్ బొమ్మ నాణ్యత 480పీ దాటదు.

అడిగినవారు:
సినిమాల సంగతి వాడికి చెప్పను! నిన్న వాడి తెలంగాణ ఉద్యమ చరిత్ర పీడీఎఫ్ నా ఫోన్లో వేసుకుని షాపుకెళ్ళి, డెమో పీసుల్లో తెరిపించా. షాపతను విసుక్కున్నాడు గానీ తెరిచాడు. 8.7 అంగుళాల దాంట్లో ఫుట్‌నోట్లు చదవలేకపోయా. 11 దాంట్లో కళ్ళద్దాలు లేకుండానే చదివా. అసలు ర్యామ్ 4 జీబీ అని సెట్టింగ్స్‌లో చూపించాకే డబ్బు కట్టా. 13 వేలలోనే అయింది. కవరు 700 అన్నాడు, తీసుకోలేదు. అవసరమంటారా?

జగదీశ్ మార్కెట్ మెకానిక్:
ఇయ్యాలనే కొను అక్కా. హాస్టల్‌ల పై మంచం మీదికెల్లి పడ్డయే సగం నా టేబుల్ మీదున్నయ్.