రోమింగ్ రియాక్షన్ నిజంగానే వేరే దారా? సెమినార్ ఉంది, కాస్త చెప్పండి

ఎమ్మెస్సీ_ఫైనల్:
ఇన్నాళ్లూ చదివింది ఒకటే, అణువు కొండెక్కి కనుమ దాటి అవతలికి దిగాలి, ఆ కనుమే ట్రాన్సిషన్ స్టేట్. ఇప్పుడేమో ఫార్మాల్డిహైడ్ విడిపోయి హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ అయ్యేటప్పుడు కొన్ని అణువులు ఆ ఛాయలకే పోవంటున్నారు, ఆ వేరే దారినే రోమింగ్ అంటున్నారు. పోలేదని ఎలా తెలిసింది? దారిని ఎవరూ చూడలేరు కదా!

లేజర్_రూమ్:
దారిని చూడరండీ, బయటికొచ్చిన ముక్కల్ని చూస్తారు. మామూలు దారిన వస్తే సీవోకి (కార్బన్ మోనాక్సైడ్‌కి) గట్టి తోపు తగిలి గిర్రున తిరుగుతూ (జె 40 పైచిలుకు, జె అంటే ఎంత జోరుగా తిరుగుతోందో చెప్పే అంకె) వేగంగా పోతుంది, హైడ్రోజన్ అణువు పెద్దగా కంపించదు. 1993లో బర్క్‌లీలో మూర్ గ్రూపు ఫార్మాల్డిహైడ్‌ని విడగొట్టే కాంతి (ఫోటాన్) శక్తి పెంచుకుంటూ పోతే, ఒక హైడ్రోజన్ పరమాణువు పూర్తిగా ఊడిపోయేంత శక్తి దాటాక తక్కువ జె ఉన్న సీవోలు కూడా కనిపించాయి. చిక్కుముడి 2004లో విడింది. ఆర్థర్ స్యూట్స్ వాళ్లు ఇమేజింగ్ చేశారు (ముక్కలు ఎంత వేగంతో ఎగురుతున్నాయో బొమ్మ తీశారు), జోయెల్ బౌమన్ వాళ్లు ట్రాజెక్టరీలు, అంటే పరమాణువులు కదిలే దారులు, లెక్కగట్టారు. తక్కువ జె సీవో నెమ్మదిగానే ఎగురుతోంది. మరి మిగిలిన శక్తంతా ఎటు పోయినట్టు? హైడ్రోజన్ కంపనంలోకి, అదీ వి (కంపన స్థాయి అంకె) 6 నుంచి 8 దాకా! ఒక పరమాణువు దాదాపు ఊడిపోయి, మిగిలిన ముక్క హెచ్‌సీవో చుట్టూ దూరంగా తచ్చాడి, చివరికి రెండోదాన్ని లాక్కుపోతోంది. లాగేటప్పుడు రెంటి మధ్యా ఎడం ఎక్కువ, అందుకే కొత్త బంధం సాగిపోయి పుడుతుంది, ఆ కంపనమంతా దాన్నుంచే.

ఎమ్మెస్సీ_ఫైనల్:
థాంక్స్ సర్. కానీ ఊడిన హైడ్రోజన్ పక్కనున్న ఇంకో అణువుని గుద్ది లాక్కుని ఉండొచ్చు కదా? మా మేడమ్ తప్పకుండా అడుగుతారు, అదే టెన్షన్.

లేజర్_రూమ్:
మాలిక్యులర్ బీమ్‌లో చేశారు. అక్కడ గ్యాస్ ఎంత పల్చగా ఉంటుందంటే, ముక్కలు డిటెక్టర్‌కి చేరేలోపు ఇంకోదాన్ని గుద్దుకునే అవకాశం లేనట్టే. అదే చెప్పండి, చాలు.

పాత_కెమిస్ట్:
ఒక్క మాట. స్లైడ్ మీద ‘ట్రాన్సిషన్ స్టేట్ థియరీ తప్పు’ అని మాత్రం రాయకు తల్లీ, అలా రాసినవాళ్లని చాలామందిని చూశాను. ఫార్మాల్డిహైడ్‌లో ఎక్కువ భాగం ఇప్పటికీ పాత దారినే వెళ్తుంది, రోమింగ్ చిన్న వాటా. నిజంగా ఆశ్చర్యపడాల్సింది ఎసిటాల్డిహైడ్‌ని చూసి. అక్కడ తిరిగేది హైడ్రోజన్ కాదు, మిథైల్ గ్రూపు, అది హైడ్రోజన్‌ని పట్టుకుని మీథేన్ అయిపోతుంది. అందులో మీథేన్ పుట్టడానికి రోమింగే ప్రధాన దారి. టైముంటే ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించు.