డెలివరీ ట్రేడ్లు ఎక్కువైతే అది వ్యాపారమా, క్యాపిటల్ గెయిన్సా?

అందరికీ నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా ఆయన ఉద్యోగం మానేసి పూర్తిగా ట్రేడింగే చేస్తున్నారు. ఇంట్రాడే (కొన్న రోజే అమ్మేయడం) స్పెక్యులేటివ్ (ఊహాత్మక) వ్యాపారమని, ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) మామూలు వ్యాపారమని, రెండూ ఐటీఆర్-3 అనే ఆదాయపు పన్ను రిటర్న్ ఫారంలోనే చూపాలని తెలుసు. ఇంట్రాడే నష్టాన్ని స్పెక్యులేటివ్ లాభంతోనే సర్దుకోవాలి, 4 ఏళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు. ఎఫ్ అండ్ ఓ నష్టానికైతే 8 ఏళ్లు. ఇక్కడిదాకా గొడవ లేదు.

చిక్కంతా డెలివరీ దగ్గరే, అంటే షేర్లు ఖాతాలోకి తీసుకుని తర్వాత అమ్మే ట్రేడ్ల దగ్గర. సోమవారం కొన్న బ్యాంకు షేరు గురువారం అమ్మేస్తారు, ఆ డబ్బుతో ఇంకోటి కొంటారు. ఏడాది స్టేట్‌మెంట్ తీస్తే పేజీలకు పేజీలు ఇవే. ఒక ఆడిటర్ గారు వీటిని క్యాపిటల్ గెయిన్స్‌గా (పెట్టుబడి అమ్మితే వచ్చే లాభంగా) చూపి 20 శాతం షార్ట్ టర్మ్ గెయిన్స్ ట్యాక్స్ కడితే చాలంటున్నారు. ఇంకొకరేమో ఇన్ని ట్రేడ్లుంటే వ్యాపారమే, స్లాబు ప్రకారం కట్టాలి, కాకపోతే ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీలపై పడే పన్ను), ఇంటర్నెట్ ఖర్చులు తీసేసుకోవచ్చు అంటున్నారు. నాకు రెండోదే సబబనిపిస్తోంది.

అయితే మా మామయ్య గారు ఇచ్చిన పాత షేర్లు కూడా అదే డీమ్యాట్‌ (షేర్లు ఉంచే ఖాతా)లో ఉన్నాయి. పాప చదువుకని దాచినవి. 12 నెలలు దాటిన షేర్లను పెట్టుబడిగా చూపొచ్చని, ఒకసారి అలా చూపితే తర్వాత మార్చకూడదని 2016 సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) సర్క్యులర్‌లో ఉంది. డెలివరీని వ్యాపారంగా చూపితే వీటిని కూడా అందులో కలిపేస్తారేమోనని నా టెన్షన్.

వీటికోసం వేరే డీమ్యాట్ తెరవాలా, లెక్కల్లో విడిగా రాసుకుంటే సరిపోతుందా? ఇలా రెండూ చూపిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, నోటీసు వచ్చిందా, ఏం జవాబిచ్చారో దయచేసి చెప్పండి.