మేత పోరంబోకును కాపాడమని ఎమ్మెల్యేలకు అర్జీలు పెడితే ఫలితం ఉంటుందా?

ఉదయగిరి మెట్టవాసి (చర్చ ప్రారంభం):

మా ఊరికి పడమటి దిక్కున, కొండవాలు వరకు పరుచుకొని ఒక మేత పోరంబోకు, అంటే ఊరి పశువులు మేసే ప్రభుత్వ భూమి, ఉన్నది. ఊరి భూముల లెక్క రాసే అడంగల్‌లో దాని పేరు అదే అయినా, నాయకుల నోట ఎప్పుడూ "బంజరు" అనే వస్తుంది. పోయిన నెలలో సర్వే సిబ్బంది వచ్చి కొలతలు వేసుకొని వెళ్లారు. సౌర పలకలు వస్తాయని కొందరు, ఏదో పరిశ్రమ వస్తుందని కొందరు అనుకుంటున్నారు గాని, ఊళ్లో ఎవరినీ పిలిచి అడిగినది లేదు. తెల్లవారకముందే అక్కడికి వెళ్లిన వారికి తంగేడు పొదల కింద నుండి కౌజుపిట్టలు బుర్రుమని లేవడం, రేగుపొదల చాటున నక్క ఒకటి ఆగి, వెనక్కి చూసి, మళ్లీ నడక సాగించడం కనబడుతుంది. పొద్దెక్కిన తరువాత ఆ నేలంతా గొర్రెలదే. మా యువకులు నెల్లూరు, ప్రకాశం జిల్లాల శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు "ప్రభుత్వ భూములను, వన్యప్రాణులను కాపాడండి" అని ఒకే నమూనాలో వేలాది అర్జీలు పంపాలంటున్నారు. అది పని జరిపించే మార్గమేనా, లేక ఫొటోలు తీయించుకొని మరచిపోయే తంతా అన్నది నా సందేహం.

కనిగిరి రైతు:

ఈ అర్జీపై నేను సంతకం చేయను. మాది వర్షాధారపు వ్యవసాయం. వాన సకాలంలో పడిన ఏడు కూడా, వేరుశనగ చేతికి వచ్చేలోపు అడవి పందులు దిగి ఒక్క రాత్రిలో సాళ్లకు సాళ్లు తవ్విపోతాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టాను, డబ్బాలు మోగించాను, మంచె మీద రాత్రులు మేలుకున్నాను. పరిహారం కోసం తిరిగిన తిరుగుడుకు అయిన ఖర్చు, చేతికి వచ్చిన పరిహారం కంటే ఎక్కువ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి, కరవు వచ్చినప్పుడల్లా వలస పోయే మా ప్రాంతానికి ఒక పరిశ్రమ వస్తున్నదంటే, నక్క ఉన్నదనో నెమలి ఉన్నదనో అడ్డుపడడం న్యాయమేనా? 2025 ఏప్రిల్‌లో మా వైపు దివాకరపల్లిలో కంప్రెస్డ్ బయోగ్యాస్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. బంజరు నేలల్లో గడ్డి పెంచి దానినే ముడిసరుకుగా వాడతామన్నారు. ఊరికే పడి ఉన్న నేలకు అంతకంటే మంచి ఉపయోగం ఏముంటుంది?

నెల్లూరు విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి:

కనిగిరి రైతు గారి కష్టం నిజమైనది; దానిని పక్కన పెట్టి రాసే అర్జీ చిత్తు కాగితంతో సమానం. అయితే "ఊరికే పడి ఉన్న నేల" అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. పనీపాటా లేనివాడిని పోరంబోకు అని తిట్టే భాష మనది కనుక, ఆ పేరున్న నేల కూడా పనికిరానిదే అనుకుంటాము. నా ఉద్యోగకాలంలో నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. నిజానికి నెల్లూరు గొర్రె దేశంలోనే అతి పొడవైన గొర్రె జాతిగా పేరు తెచ్చుకున్నదీ, ఒంగోలు పశువు సంతతి బ్రెజిల్‌లో మన నెల్లూరు పేరుతోనే వర్ధిల్లుతున్నదీ ఇటువంటి మెట్టనేలల్లో మేసిన మందల పుణ్యమే. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డాన్ పేరు మోస్తున్న కలివికోడి అనే పక్షి అంతరించిందని అందరూ అనుకున్న తరువాత, 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడింది. అది దట్టమైన అడవిలో ఉండే పక్షి కాదు. ముళ్లపొదలు, వాటి మధ్య బోసినేల, అంటే మన లెక్కలో శుద్ధ బంజరు, దాని నివాసం.

ఇక చట్టం సంగతి. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వానికి ప్రత్యేక అవసరం లేని మేత పోరంబోకులు, కళ్లాలు, శ్మశానాలు, తోపులు గ్రామపంచాయతీకి దఖలు పడి ఉంటాయి. ఒక నిర్దిష్ట ప్రజాప్రయోజనానికి కావాలనుకుంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు. భూమి రిజిస్ట్రేషన్ చట్టం కింద నిషేధిత భూముల 22ఏ జాబితాలో ఉన్నది కదా అని ధైర్యంగా ఉండే వారికి ఒక మాట చెప్పాలి: ఆ జాబితా ప్రైవేటు వ్యక్తుల రిజిస్ట్రేషన్లను ఆపుతుందే గాని, ప్రభుత్వమే తన భూమిని మరొకరికి కేటాయించడాన్ని ఆపదు. కాబట్టి మీరు మొదట కలవవలసిన ఎన్నికైన ప్రతినిధి ఎమ్మెల్యే కాదు, మీ సర్పంచి. గ్రామసభలో సర్వే నంబరుతో సహా తీర్మానం చేయించి, దాని నకలు చేతిలో పెట్టుకొని ఎమ్మెల్యే గారి గడప తొక్కండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 36ఎ సెక్షన్ కింద, ముఖ్యంగా అభయారణ్యాలను ఆనుకొని ఉన్న ప్రభుత్వ భూములను, స్థానికులతో సంప్రదించి, కన్సర్వేషన్ రిజర్వుగా, అంటే సంరక్షిత ప్రాంతంగా, ప్రకటించవచ్చు. దాని నిర్వహణ కమిటీలో ఆ పరిధిలోని ప్రతి పంచాయతీ నుండి ఒక ప్రతినిధి ఉంటారు. మీ పోరంబోకు పెనుశిల నరసింహ అభయారణ్యం అంచుకు గాని, రిజర్వు అడవికి గాని ఆనుకొని ఉన్నదేమో ముందు చూసుకోండి.

ఒంగోలు నుండి ఒక న్యాయవాది:

సెక్షన్లు సరే, ప్రతినిధులపై అంత నమ్మకం నాకు లేదు. కొల్లేరు అభయారణ్యం హద్దును ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) నుండి మూడో కాంటూరుకు కుదించమని 2008లో తీర్మానించింది సాక్షాత్తు మన శాసనసభే. కడప జిల్లా లంకమల దగ్గర తెలుగుగంగ కాలువ కలివికోడి నివాసాన్ని తప్పించి దారి మార్చుకున్నదంటే, అందుకు పరిశోధకుల పట్టుదల, న్యాయస్థానం దాకా వెళ్లిన వివాదం కారణం గాని, అర్జీలు కావు. గ్రామాల ఉమ్మడి భూములను ఆక్రమణల నుండి విడిపించమని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు చేతిలో ఉండగా వేల పోస్టుకార్డులు దేనికి?

నెల్లూరు విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి:

వకీలు గారూ, ఆ తీర్పు ప్రధానంగా ఆక్రమణదారుల గురించి. ప్రభుత్వమే కేటాయిస్తున్నప్పుడు దానినొక్కదానినే పట్టుకొని గెలవడం తేలిక కాదని మీకు నా కంటే బాగా తెలుసు. కొల్లేరు ఉదాహరణ నా వాదనకే బలం చేకూరుస్తుంది. అక్కడ చేపల చెరువుల వారు ఎమ్మెల్యేల చుట్టూ తిరిగారు. పక్షుల తరఫున తిరిగిన ఓటర్లు ఎందరు? రాష్ట్ర వన్యప్రాణి మండలికి ముఖ్యమంత్రి అధ్యక్షులు, అందులో చట్టసభ సభ్యులు ముగ్గురు ఉంటారు. ఎమ్మెల్యేను అడగవలసినది "కాపాడండి" అని కాదు, "ఫలానా సర్వే నంబరు విషయం మండలి ముందు పెట్టించండి" అని. అడిగింది చేశారో లేదో మూడు నెలల తరువాత వెళ్లి చూడగలిగినదై ఉండాలి.

వరికుంటపాడు గొర్రెల పెంపకందారు:

నా మందలో నూట ఇరవై జొడిపి గొర్రెలు ఉన్నాయి, కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్ల మచ్చలు ఉండే తెల్లనివి. మా పక్క ఊరి పోరంబోకుకు కంచె పడినప్పటి నుండి రోడ్డు వెంట తోలుకొని పోతున్నాము. లారీల కింద నాలుగు పోయాయి. కంచె పడిన తరువాతనే పందులు పొలాల మీదికి ఎక్కువగా వస్తున్నాయని మా వాళ్లు అంటారు. రైతు అన్న ఈ సంగతి కూడా ఆలోచించాలి. 2022 విభజనకు ముందు మన జిల్లాలోనే ఉన్న నేలపట్టులో, చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడితే ఊరివారు కొట్టి తరమలేదు. రెట్ట కలిసిన ఆ నీరు పొలానికి ఎరువని వారికి తెలుసు. 1976లో అభయారణ్యం ప్రకటించక ముందు నుండీ ఆ పక్షులను కాచింది ఆ ఊరే.

ఉదయగిరి మెట్టవాసి:

వేల అర్జీల ఆలోచన మా వాళ్ల చేత మాన్పిస్తాను. ఒకే అర్జీ, మూడు కోరికలు. 58వ సెక్షన్ కింద ఆ భూమిని వెనక్కి తీసుకోవద్దని గ్రామసభ తీర్మానం, 36ఎ కింద పరిశీలన, పంట నష్టానికి గడువులోగా పరిహారం. మూడోది కనిగిరి రైతు గారి కోసమే చేర్చాము. మీ పరిహారపు దరఖాస్తు నకలు ఉంటే పంపించగలరా? అందులోని తేదీలే మాకు సాక్ష్యం.

కనిగిరి రైతు:

నకలు ఉన్నది, రేపు పంపుతాను. సంతకం సంగతి అర్జీ చదివిన తరువాత చెబుతాను.