కాలిన కొండవాలులో విత్తనాలు నిలవడం లేదు, ఏం చేయాలి?
విశాఖలో ఆరిలోవ వైపు మా కాలనీ వెనక కొండవాలు మార్చిలో తగలబడింది, సుమారు అర ఎకరం. జూన్ చివర్లో అటవీ సిబ్బంది అనుమతితో 20 ఇళ్లవాళ్లం కలిసి కానుగ, వేప, రేల విత్తన బంతులు 600 వేశాం. మొదటి పెద్ద వానకే చాలావరకు కొట్టుకొచ్చి డ్రైన్ దగ్గర కుప్పపడ్డాయి.

మొలిచినవి 11. అన్నీ బండరాళ్ల పైవైపు, మట్టి ఆగినచోటే. మిగతాచోట తవ్వి చూస్తే పైన బూడిద తడిసినా, వేలెడు లోతులో ఎర్రమట్టి పొడిగానే ఉంది. వాలుకు అడ్డంగా 3 వరుసల రాళ్లు పేర్చాం. సందుల్లోంచి నీళ్లు మట్టిని లాక్కుపోయాయి. ఆ 11 మొక్కలైనా దక్కుతాయో లేదోనని అందరికీ టెన్షన్‌గా ఉంది.

అక్టోబరు తుపాను వానల్లోపు మట్టి నిలవాలంటే రాళ్ల వరుసల వెంట వట్టివేరు నాటాలా, లేక ఈ కొండల్లో పెరిగే గడ్డినే నాటాలా?