నవంబర్‌లో కోరుకున్న కన్సల్టింగ్ ఉద్యోగం ఉంది. ఈ నాలుగు నెలలకు కోల్డ్ స్టోరేజీలో చేరొచ్చా?

మిర్చియార్డు రోడ్డు:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. అగ్రిబిజినెస్‌లో ఎంబీఏ ఈ ఏప్రిల్‌తో అయిపోయింది. క్యాంపస్‌లోనే హైదరాబాద్‌లో ఒక కన్సల్టింగ్ సంస్థకు ఎంపికయ్యాను. వ్యవసాయ సరుకుల నిల్వ, రవాణా మీద పనిచేసే టీము అది. చదువులో చేరిన రోజు నుంచీ నేను కోరుకున్న పని అదే. జులై 1న చేరాలి. జూన్ చివర్లో మెయిల్ వచ్చింది, తేదీ నవంబర్ మొదటి వారానికి మార్చామని. నా చేతిలో ఉన్నది ఆఫర్ లెటర్ ఒక్కటే. అపాయింట్‌మెంట్ ఆర్డరు చేరిన రోజే ఇస్తారట.

చదువు లోనుకి వాయిదాలు ఇంకా మొదలవలేదు గానీ వడ్డీ ఎక్కుతూనే ఉంది. నాన్న మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తా. ఆయనకు తెలిసిన ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూసే మనిషి మానేశాడు. నెలకు 22 వేలు ఇస్తామన్నారు. గదుల్లో ఉన్న టిక్కీలు (మిర్చి బస్తాలు), రిజిస్టరులో ఉన్న టిక్కీలు, రైతుల చేతుల్లో ఉన్న బాండ్లు (సరుకు పెట్టినందుకు స్టోరేజీ ఇచ్చే రసీదులు), ఆ బాండ్ల మీద బ్యాంకులిచ్చిన అప్పులు, ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిచూడటం పని. నాకు చాలా నచ్చింది. కానీ ఓనరు గారు ఒకే ఒక మాట అడిగారు: "ఏడాదైనా ఉంటావా అమ్మా?" నేను నోరు తెరిచేలోపు నాన్న "ఉంటుందండీ" అనేశారు. అప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

నవంబర్ సంగతి చెప్పకుండా చేరనా? చెప్పి, వద్దంటే ఊరుకోనా? అసలు ఈ నాలుగు నెలలూ ఇంట్లో ఉండి చదువుకోవడమే మేలా?

కాకినాడ కెరటం:

చేరకమ్మా. కన్సల్టింగ్‌లో పడ్డాక ఆదివారాలు కూడా ఉండవు, నేను ఆరేళ్లు చేశాను. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ గట్టిగా నేర్చుకో, అమ్మానాన్నల దగ్గర ఉండు. 22 వేల చొప్పున నాలుగు నెలలంటే 88 వేలు. రెండు మూడు నెలల హైదరాబాద్ జీతంలో అది తిరిగొచ్చేస్తుంది.

ఓరుగల్లు:

కెరటం అన్నా, ఆ జీతం వస్తదన్న నమ్మకం ఎక్కడిది? 2022లో ఆఫర్ లెటర్లు అందుకున్నోళ్లు ఇన్ఫోసిస్‌ల చేరుడుకు రెండేండ్లకు పైగా ఎదురుచూసిన్రు, పేపర్లల్ల అంతా వచ్చింది. మా ఇంట్ల నా తమ్ముడే (వేరే కంపెనీ) పద్నాలుగు నెలలు కూసున్నడు. ఆఖరుకు మెయిల్ సుత రాలే. చెల్లె, నువ్వు చేరు. ఓనరుకు చెప్పే పని లేదు. కంపెనీలు నాలుగు నెలలు జరిపినప్పుడు నిన్ను అడిగినయా? రేపు పని లేకుంటే ఆ ఓనరు నిన్ను ఏడాది ఉంచుకుంటడా?

హెచ్చార్ అక్క:

నేను హైదరాబాద్‌లో పదేళ్లుగా నియామకాల పనిలో ఉన్నాను. చేరాలా వద్దా అన్నది మీ ఇష్టం. చేరితే మాత్రం దాచే ఆలోచన పెట్టుకోకండి, రెండు వైపులా.

ముందు కన్సల్టింగ్ వైపు చూద్దాం. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ ఉంటుంది. ఒక్క నెల కట్టినా మీ యూఏఎన్‌లో (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఆ సంస్థ పేరు, చేరిన తేదీ పడతాయి. మీ వివరాలు సరిచూసే ఏజెన్సీలు అడిగే మొదటి కాగితాల్లో అదొకటి. నాలుగు నెలల ఉద్యోగం ఎవరికీ తప్పు కాదు. బయోడేటాలో లేని ఉద్యోగం యూఏఎన్‌లో కనిపించడమే తప్పుగా కనిపిస్తుంది. ఇంకొకటి. మానేసిన తేదీని యజమాని అందులో నమోదు చేయాలి. చిన్న సంస్థల్లో ఇది మర్చిపోతారు. అప్పుడు మీరు ఒకేసారి రెండు చోట్ల ఉన్నట్టు కనిపిస్తుంది. చివరి పీఎఫ్ కట్టిన రెండు నెలల తర్వాత మనమే పోర్టల్‌లో ఆ తేదీ వేసుకోవచ్చు. కానీ మీరు కొత్తచోట చేరేది ఆ రెండు నెలల లోపే కదా! అందుకే అక్టోబర్‌లోనే దగ్గరుండి వేయించుకోండి.

కన్సల్టింగ్ వాళ్లకు ఇప్పుడే ఒక మెయిల్ రాయండి: ఫలానా తేదీ వరకు ఫలానా చోట ఈ పని చేస్తాను, మీకు అభ్యంతరమా అని. వాళ్ల క్లయింట్లలో ఆ కోల్డ్ స్టోరేజీ ఉంటేనే చిక్కు. తేదీ జరిపిన సంస్థ సాధారణంగా కాదనదు. 2023లో అమెరికాలో బెయిన్ అనే కన్సల్టింగ్ కంపెనీ చేరే తేదీలు వెనక్కి జరిపి, ఆ ఖాళీలో స్వచ్ఛంద సంస్థలో పనిచేసేవాళ్లకు 40 వేల డాలర్లు ఇస్తామని తానే చెప్పింది.

ఉద్యోగ బాండు (ఇన్నాళ్లు మానకుండా పనిచేస్తానని రాసిచ్చేది, సరుకు బాండు కాదు) సంగతి కూడా చెబుతాను, "బాండు చెల్లదు" అని చాలామంది ధీమాగా అంటుంటారు కాబట్టి. మానేశాక ఇంకోచోట చేరకూడదన్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ఇన్నాళ్లు పనిచేయాలి, లేదంటే ఇంత కట్టాలి అన్నది వేరే సంగతి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. కాబట్టి ఏడాది అని ఎక్కడైనా రాసి ఉంటే సంతకం పెట్టకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి.

లోడింగ్ పాయింట్:

నేను పదకొండేళ్లుగా మిర్చి కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాను, సూపర్‌వైజర్‌ని. ఓరుగల్లు తమ్ముడూ, నీ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ కోపం తీర్చుకునే చోటు ఇది కాదు.

ఆ కుర్చీలో మనిషి చెప్పకుండా లేచిపోతే ఏమవుతుందో చెబుతాను. మూడేళ్ల కిందట మా దగ్గర అదే జరిగింది. వేసవిలో సరుకు వచ్చి పడుతుంది, బయటికి తీయడం తర్వాత నెలల తరబడి సాగుతుంది. ఒక రైతు 60 టిక్కీల తేజ రకం మిర్చి పెట్టి, బాండు మీద బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. రేటు పెరిగిందని అమ్ముకుందామని వచ్చాడు. అప్పు కట్టేశాడు, బ్యాంకు కాగితం తెచ్చాడు. తీరా చూస్తే మా రిజిస్టరులో ఆ లాటు ఏ గదిలో, ఏ వరసలో ఉందో రాసి లేదు. మానేసిన కుర్రాడు చీటీల మీద రాసుకుని తర్వాత ఎక్కించేవాడు, ఆ చీటీలు అతనితోనే పోయాయి. చలి గదిలో టార్చి పెట్టుకుని, బస్తా మీద సున్నంతో రాసిన అక్షరాలు చదువుకుంటూ ముగ్గురం రెండు రోజులు వెతికాం. దొరికేసరికి క్వింటాకు ఎనిమిది వందలు తగ్గింది. ఆ రైతు మమ్మల్ని ఒక్క మాట అనలేదు, మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆ కూర్చోవడం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

అమ్మాయ్, ఏడాది అని ఆయన ఎందుకు అడిగాడంటే, మళ్లీ సీజను వచ్చేదాకా ఒకే చేతిరాత ఉండాలని. నీకు నవంబర్‌లో వెళ్లక తప్పదని ముందే చెబితే, ఆయన పక్కన ఇంకొకరిని పెట్టుకుంటాడు. చెప్పకపోతే, నీ తర్వాత ఆ బాధ పడేది ఓనరు కాదు.

ఓరుగల్లు:

అన్నా, రైతు సంగతి నేను తలుసుకోలే. మాది గూడ వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే ఇల్లే. చెప్పుడే కరెక్టు, ఒప్పుకుంటున్న. కానీ కంపెనీల మీద నా మాట మారదు. చెల్లె, ఆఫర్ లెటర్ నమ్ముకొని వేరే ఇంటర్వ్యూలు మాత్రం ఆపకు.

డాలస్ తెలుగు:

ఇక్కడ మా పిల్లలకు ఈ ఆలోచించే వెసులుబాటే ఉండదు. ఓపీటీలో (చదువయ్యాక అమెరికాలో పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) మొత్తం 90 రోజులకు మించి పని లేకుండా ఉంటే స్టేటస్‌కే ముప్పు. నేను ఉద్యోగంలో చేరాల్సింది జనవరిలో, చదువు అయిపోయింది మేలో. మధ్యలో నా సబ్జెక్టుకు దగ్గరగా ఒక లాభాపేక్ష లేని సంస్థలో వారానికి 25 గంటలు డేటా పని చేశాను. మొదటి రోజే జనవరిలో వెళ్లిపోతానని చెప్పాను. వాళ్లు నాకు పెద్ద ప్రాజెక్టు బదులు డిసెంబర్‌కు ముగిసే ముక్క ఇచ్చారు. ఇప్పటికీ నా రిఫరెన్సు వాళ్లే.

మిర్చియార్డు రోడ్డు:

అందరికీ కృతజ్ఞతలు. లోడింగ్ పాయింట్ బాబాయ్ గారూ, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పద, నేనే మాట ఇచ్చాను, నేనే చెబుతా" అని చొక్కా వేసుకున్నారు.

ఓనరు గారు మొదట ముఖం మాడ్చుకున్నారు. "నాలుగు నెలల కోసం నేర్పించేదేంటి?" అన్నారు. అప్పుడు నేను ఆగస్టు నుంచి ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టండి, గది నంబరు, వరస, బాండు నంబరు అన్నీ ఒకే షీటులో ఎక్కించి అప్పగిస్తాను అన్నాను. మర్నాడు కబురు పంపారు. దసరా దాటిందాకా రమ్మన్నారు. జీతం 18 వేలే. నాలుగు వేలు తగ్గినందుకు అమ్మ కొంచెం నొచ్చుకుంది. ఆయన మేనల్లుడు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాడట, అతనికి నేర్పాలి.

కన్సల్టింగ్ వాళ్లకు మెయిల్ రాశాను, జవాబు ఇంకా రాలేదు. ఓరుగల్లు అన్నా, ఇంటర్వ్యూలు ఆపను. సోమవారం నుంచి వెళ్తున్నాను. ఒక్క సందేహం మిగిలింది అక్కా: కాగితం మీద నోటీసు ఎన్నాళ్లు రాయించుకోను? ఆయన నెల అంటున్నారు.

హెచ్చార్ అక్క:

పదిహేను రోజులు అడగండి. కన్సల్టింగ్ వాళ్లు ఇంకా త్వరగా చేరమన్నా అనొచ్చు, ఆ సంగతి ఆయనకు చెప్పే అడగండి. నెలకే పట్టుబడితే "లేదా అప్పగింత పూర్తయ్యేవరకు, ఏది ముందైతే అది" అని రాయించండి. ఆఖరి రోజు రిలీవింగ్ లెటర్ చేతికి తీసుకోండి. మెయిల్‌కు పది రోజుల్లో జవాబు రాకపోతే ఫోను చేసి, మాట్లాడిన మనిషి పేరు, తేదీ రాసి అదే మెయిల్ కింద మళ్లీ పంపండి.

లోడింగ్ పాయింట్:

స్వెటర్ మర్చిపోకమ్మా. బయట ఎండ చూసి వెళ్తారు, రెండో గదికి వచ్చేసరికి వేళ్లు వంగవు. లాటు నంబర్లు పెన్సిల్‌తో రాసుకో, ఆ చలికి పెన్ను ఒక్కోసారి రాయదు.