గ్యూస్ట్రో కేథడ్రల్‌లో వేలాడే బార్లాఖ్ శిల్పం అసలుదేనా?

ప్రశ్న:
జర్మన్ శిల్పి ఎర్నెస్ట్ బార్లాఖ్ గురించి చదువుతున్నాను. 1927లో గ్యూస్ట్రో కేథడ్రల్ కోసం ఆయన చేసిన కంచు విగ్రహాన్ని, అదే గాలిలో తేలుతున్న మనిషిని, నాజీల కాలంలో కరిగించేశారని ఒకచోట ఉంది. ఇప్పటికీ అక్కడే వేలాడుతోందని ఇంకోచోట ఉంది. ఏది నిజం? ఉన్నది నకలే అయితే అంత దూరం వెళ్లడం దండగేమో అనిపిస్తోంది. చూసినవాళ్లు చెప్పగలరా?

జవాబు 1:
రెండూ నిజమే. 1937లో దించేశారు, తర్వాత యుద్ధ సామగ్రి కోసం కరిగించారు. ఇప్పుడున్నది 1953లో పెట్టింది. నన్నడిగితే హాంబర్గ్‌లో ఉన్న బార్లాఖ్ యుద్ధ స్మారకం చూస్తే చాలు, మిగతావి ఫోటోల్లో చూసుకోవచ్చు.

జవాబు 2:
ఫోటోలతో సరిపెట్టుకోమనడం నాకు నచ్చలేదండీ. నేను కంచు పోత పని చేసేవాణ్ణి, అందుకే ఈ విగ్రహం మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం.

బార్లాఖ్ మట్టితో చేసిన రూపానికి ప్లాస్టర్ నమూనా తీశారు. మొదటి విగ్రహం పోయినా ఆ నమూనా మిగిలింది. ఆయన మిత్రులు దాంతో రహస్యంగా రెండో పోత పోయించి, యుద్ధం ముగిసేదాకా ఒక పల్లెటూళ్లో దాచారు. ఆ రోజుల్లో అదెంత ప్రమాదమో ఆలోచించండి! బార్లాఖ్ కృతుల్ని మ్యూజియంల నుంచి వందల సంఖ్యలో ఎత్తుకుపోతున్న కాలం. యుద్ధంలో ప్లాస్టర్ నమూనా కూడా నాశనమైంది. దాచిన విగ్రహం 1952లో కొలోన్‌లోని ఆంటోనైటర్ చర్చికి చేరింది. దాని మీద మళ్లీ అచ్చు తీసి పోసిందే ఇప్పుడు గ్యూస్ట్రోలో ఉంది. కంచు చల్లారేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది, కాబట్టి పోత మీద తీసిన పోత మామూలుగా వెంట్రుకవాసి చిన్నదవుతుంది. అంతమాత్రాన దాన్ని నకలు అనడానికి నాకు నోరు రాదు. మొదటిది పోయింది గనుక మనకు మిగిలినవి ఈ పోతలే.

ఇంకో సంగతి. ఆ ముఖం జర్మన్ కళాకారిణి కేథే కోల్విట్జ్‌ది. అనుకోకుండానే ఆమె పోలికలు వచ్చాయని బార్లాఖ్ చెప్పాడు. ఆమె కొడుకు పీటర్ 1914 అక్టోబరులో బెల్జియంలో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. కళ్లు మూసుకుని, చేతులు గుండెకు కట్టుకుని, నేలకు సమాంతరంగా తేలే ఆ మనిషి కింద నిలబడితే ఇది మృతుల స్మారకమని వేరే చెప్పనక్కర్లేదు. బార్లాఖ్ కూడా 1914లో యుద్ధాన్ని ఉత్సాహంగానే స్వాగతించాడు. తర్వాత మనిషే మారిపోయాడు. అందుకే ఆయన స్మారకాల్లో గెలుపు కనిపించదు. మాగ్డెబర్గ్ కేథడ్రల్‌లో 1929 నాటి కొయ్య శిల్పాన్ని కూడా చూడండి: పైన ముగ్గురు సైనికులు, కింద హెల్మెట్ పెట్టుకున్న అస్థిపంజరం, కుమిలిపోతున్న స్త్రీ, గ్యాస్ మాస్క్ తగిలించుకున్న మనిషి. దాన్ని 1934లోనే తీయించేశారు, యుద్ధం తర్వాత తిరిగి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. అయితే గ్యూస్ట్రో ఖాయం. హాంబర్గ్‌లోది ఎక్కడుంది?

జవాబు 2:
టౌన్ హాల్ దగ్గర, నీటి ఒడ్డున. 21 మీటర్ల రాతి స్తంభం, 1931 నాటిది. ఒక వైపు నగరం కోల్పోయిన నలభై వేలమంది కొడుకుల గురించి రాసి ఉంటుంది. బార్లాఖ్ చెక్కిన తల్లీబిడ్డలు రెండో వైపు ఉంటారు, చుట్టూ తిరిగి చూడండి. నాజీలు ఆ తల్లీబిడ్డల శిల్పాన్ని తొలగించి గద్ద బొమ్మ పెట్టించారు. 1949లో తల్లీబిడ్డల్ని మళ్లీ చెక్కించారు. ఇక గ్యూస్ట్రో వెళ్లినప్పుడు గెర్ట్రూడ్ చాపెల్‌కు కూడా టైమ్ ఉంచుకోండి. ఆయన కొయ్య శిల్పాలు అక్కడున్నాయి, ఉలి గీతలు దగ్గరగా కనిపిస్తాయి.