"ప్రీతిగ నిచ్చినన్" అనా, "పూర్తిగ నిచ్చినన్" అనా?

భర్తృహరి సంస్కృత శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు, విద్యాధనం పద్యం: విద్య దొంగకు కనపడని ధనం, అడిగినవాళ్ళకు ఇస్తే పెరుగుతుంది అని. దాని మూడో పాదం బుర్రలో తిరుగుతోంది. "...నిచ్చినన్ బెరుగుఁ బోదు యుగాంతపు వేళనైన". ముందున్న మాట నా నోట్లో "ప్రీతిగ" అనే ఆడుతోంది. వేర్వేరు ప్రాంతాల యూనివర్సిటీలు కలిసి ఓపెన్ పాఠ్యపుస్తకాలు (ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకుని పంచుకోగలిగేవి) చేసుకోవడం మీద ఒక నోట్ రాస్తున్నాను, దాని తలమీద ఈ పాదం పెడదామని. ఎవరికైనా పక్కాగా గుర్తుందా?

ప్రాసప్రియ: "ప్రీతిగ" కుదరదండీ. మిగతా పాదాల మొదట్లో హర్తకు, కీర్తి, భర్తలు... ప్రాస, అంటే పాదంలో రెండో అక్షరం, "ర్త". యతి చూసినా పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన పదో అక్షరం "బో", దానికి "ప్రీ" ఎక్కడ కలుస్తుంది? "అఖిలార్థికోటికిం బూర్తిగ నిచ్చినన్" అని ఉండాలి.

పాతప్రతి: పాఠం అదే. కానీ "పూర్తిగ" అంటే ఉన్నదంతా అని కాదు, అడిగినవాడి కోరిక నిండేలా అని మా గురువుగారు చెప్పేవారు. ఇచ్చేవాడికి కాదు, అర్థికి, అంటే అడిగేవాడికి చెందిన పూర్తి అది.

ప్రాసప్రియ: అసలు భర్తృహరిలో ఆ మాటే లేదు కదా మాష్టారూ. "అర్థిభ్యః ప్రతిపాద్యమానమనిశం". అక్కడున్నది "అనిశం", ఎడతెగకుండా ఇవ్వడం. ఆ "అనిశం" మొదటి పాదంలోకి జరిగి "అహర్నిశమున్" అయ్యిందని, ఖాళీ అయిన చోట ప్రాస కోసం "పూర్తిగ" వచ్చి కూర్చుందని నా అనుమానం.

అడిగినవారు: నాకైతే "ఉన్నదంతా" అనే అర్థమే కావాలి, ఎందుకో చెప్తాను. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒక ప్రాంతం తన పుస్తకాన్ని సీసీ బీవై ఎస్ఏ (రాసినవారి పేరు చెప్పాలి, మార్చినదాన్ని అదే లైసెన్సుతో పంచాలి) కింద, ఇంకో ప్రాంతం బీవై ఎన్‌సీ ఎస్ఏ (అవే షరతులు, పైగా వ్యాపారానికి వాడకూడదు) కింద వదిలితే ఆ రెండింటి అధ్యాయాలు కలిపి కొత్త పుస్తకం చెయ్యడానికి లైసెన్సులు ఒప్పుకోవు, రెండూ ఉచితమే అయినా సరే. ఎన్‌డీ అనే షరతు (మార్చినదాన్ని పంచకూడదు) తగిలిస్తే అనువాదాన్ని పంచుకునే దారి కూడా మూసుకుపోతుంది. ఓపెన్ విద్యావనరుల మీద 2019 యునెస్కో సిఫారసు కూడా ఖర్చు లేకుండా అందడం దగ్గర ఆగలేదు, మార్చుకోవడం, తిరిగి పంచడం కూడా నిర్వచనంలోనే పెట్టింది. అమెరికాలో నాలుగు ప్రాంతీయ ఉన్నతవిద్యా కూటములు ఈ పనికి చేతులు కలిపాయి. అలా కలిసి కూర్చోకపోతే ప్రతి ప్రాంతమూ పరిచయస్థాయి గణాంకశాస్త్రం పుస్తకాన్నే మళ్ళీ రాసుకుంటుంది, పైస్థాయి కోర్సులకు ఏమీ మిగలదు. సగం హక్కులు దగ్గర పెట్టుకుని ఇస్తే ఆ ధనం పెరగదు, పద్యం చెప్పేది అదేనని నా నమ్మకం.

పాతప్రతి: మీ పని మంచిదే. కానీ లైసెన్సును పద్యంలోకి ఎక్కిస్తున్నారు. అసలు "అర్థి" అన్న మాట దగ్గరే మీకు చిక్కు: అర్థి అంటే అడిగేవాడు, మీ పుస్తకాలకు ఎవరినీ అనుమతి అడగక్కర్లేదు కదా.

కొత్తగొంతు: "విద్యార్థి"లో ఉన్నది కూడా ఆ అర్థే కదా సార్. చెయ్యి చాపేవాడే అనుకోవడం దేనికి, కావాలనుకునేవాడు అంటే సరిపోతుంది. నన్నడిగితే ఈ పాదంలో గొప్ప మాట "కోటి". ఒక్కరికి కాదు, అందరికీ.

ప్రాసప్రియ: "కోటి" సంగతి సరే, మూలంలోని "అంతర్ధనం" కాస్తా తెలుగులో "దివ్యధనం" అయిపోయిందే, దానికేమంటారు? లోపల ఉండే ధనం కాబట్టే దొంగకు కనపడదు. ఆ ముడి తెలుగులో తెగిపోయింది.

పాతప్రతి: లక్ష్మణకవిని అంత తేలిగ్గా అనకండి. భర్తృహరికే ఆయన చేసిన ఇంకో పద్యం, "తివిరి యిసుమునఁ దైలంబు దీయవచ్చు" చూడండి. మూలంలోని "యత్నతః" (ప్రయత్నించి)కి "తివిరి" అని ఒక్క మాట! ఈ రోజుకీ జనం నాలుక మీద ఉంది.

ప్రాసప్రియ: అది తేటగీతి, ప్రాస నియమం లేదు, చెయ్యి ఆడింది. ఉత్పలమాలలో "ర్త" దొరకాలి.

అడిగినవారు: దొరకాలంటే "స్ఫూర్తిగ" కూడా ఉంది. యతికీ ప్రాసకీ సరిపోతుంది. అయినా ఆయన "పూర్తిగ" అనే ఎంచుకున్నారు.

పాతప్రతి: ఇది బాగుంది. కానీ "స్ఫూర్తిగ నిచ్చినన్" అంటే అన్వయం ఎలా చెప్తారు?

కొత్తగొంతు: ఆ తేటగీతిలోనే "తవిలి మృగతృష్ణలో నీరు" అని ఉంది కదా, మూలంలో "పిపాసార్దితః", అంటే దాహంతో అల్లాడేవాడు, ఆ దాహం ఏమైంది? "తవిలి"లో దప్పిక ఉందంటారా?